చిగుళ్ల రక్షణ: చికిత్సను లెక్కించే చదువు నివారణను నేర్పగలదా?

చిగుళ్ల వ్యాధి వయసు మళ్లినవారికి వచ్చేదన్న నమ్మకం మన సమాజంలో బలంగా ఉంది. భారత దంతవైద్య మండలి 2002-03లో నిర్వహించిన జాతీయ నోటి ఆరోగ్య సర్వే ఆ నమ్మకానికి ఆధారం లేదని ఆనాడే తేల్చింది. 12 ఏళ్ల పిల్లల్లో 57 శాతం మందికి, 15 ఏళ్ల వారిలో 67.7 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో చిగుళ్ల సమస్య ఉన్నట్లు అందులో వెల్లడైంది. 35-44 ఏళ్ల వయోవర్గంలో ఆ సంఖ్య 89.6 శాతానికి చేరింది. పిల్లల్లో కనిపించేది ఎక్కువగా గార పేరుకోవడం, చిగుళ్ల వాపు, రక్తస్రావం వంటి తొలి దశలే. పెద్దల విషయంలో వ్యాధి దవడ ఎముక దాకా వెళ్లే అవకాశం పెరుగుతుంది.

ఈ అంకెలు రెండు దశాబ్దాల నాటివి. అయితే వాటికి ఇప్పుడు మరో అర్థం ఏర్పడింది. ఆ సర్వేలో 12 ఏళ్ల పిల్లలుగా నమోదైనవారు నేడు 35వ ఏటికి చేరుకున్నారు. అంటే నాటి పట్టికలో మొదటి వరుసలో ఉన్న తరం ఇప్పుడు అత్యధిక శాతం నమోదైన వరుసలోకి అడుగుపెడుతోంది. వారిలో అనేకులు తల్లిదండ్రులు. బ్రష్ పట్టుకోవడం ఎలాగో తమ పిల్లలకు నేర్పవలసినది వారే. ఒక తరానికి నేర్పని విద్య తరువాతి తరానికి అందదు. ఈ గొలుసును ఎక్కడ తెంచాలన్నదే నేటి ప్రశ్న.

దేశంలో దంతవైద్య కళాశాలలకు కొరత లేదు. 1920లో డాక్టర్ ఆర్. అహ్మద్ కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించగా, ఇప్పుడు వాటి సంఖ్య 300 దాటింది. ఏటా వేలాది పట్టభద్రులు బయటకు వస్తున్నారు. ఇంతమంది వైద్యులున్నా చిగుళ్ల వ్యాధి తగ్గుముఖం పట్టకపోవడానికి కారణం వైద్యుల సంఖ్య కాదు. వారికి మనం ఏమి నేర్పుతున్నాం, నేర్చుకున్నదాన్ని దేనితో కొలుస్తున్నాం అన్నదే అసలు విషయం.

మూడు వారాల ప్రయోగం

నివారణ సాధ్యమేనా అన్న సందేహానికి శాస్త్రం 1965లోనే సమాధానం చెప్పింది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హారాల్డ్ లో, ఆయన సహచరులు ఆరోగ్యవంతమైన చిగుళ్లున్న 12 మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా మానివేయమన్నారు. వారిలో అధికులు దంతవైద్య విద్యార్థులే. 10 నుంచి 21 రోజుల్లోపు అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ శుభ్రత ప్రారంభించగానే సుమారు వారం రోజుల్లో చిగుళ్లు యథాస్థితికి చేరాయి. మందు లేదు, శస్త్రచికిత్స లేదు. పళ్ల మీద పేరుకునే సూక్ష్మజీవుల పొరే కారణమనీ, దానిని తొలగిస్తే తొలి దశ వ్యాధి పూర్తిగా వెనక్కి మళ్లుతుందనీ ఆ ప్రయోగం నిరూపించింది.

తొలి దశను దాటితే ఏమవుతుందో చెప్పిన అధ్యయనం మన పొరుగునే జరిగింది. 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది పురుష కార్మికులను ఇదే పరిశోధక బృందం పరిశీలించడం ప్రారంభించింది. వారికి పళ్లు తోముకునే అలవాటు గానీ దంతవైద్య సదుపాయం గానీ లేవు. 1985 వరకు సాగిన ఈ పరిశీలన ఫలితాలు 1986లో ప్రచురితమయ్యాయి. దాదాపు 8 శాతం మందిలో వ్యాధి అతివేగంగా ముదిరింది. 45వ ఏటికి వారు పళ్లన్నీ కోల్పోయారు. 81 శాతం మందిలో మధ్యస్థంగా సాగి, అదే వయసుకు సగటున ఏడు పళ్లు ఊడిపోయాయి. మిగిలిన 11 శాతం మందిలో చిగుళ్ల వాపును మించి ముదరలేదు.

వైద్యసేవలు అందని పేద కార్మికులను పదిహేనేళ్లపాటు పరిశీలించడంలోని నైతికతపై ప్రశ్నలు సహజం. అయితే వారి నోళ్లు చెప్పిన సత్యాన్ని విస్మరించడం వారికి చేసే మరో అన్యాయమవుతుంది. శుభ్రత లేనప్పుడు నష్టం అందరికీ ఒకేలా జరగదు. కానీ అత్యధికులకు జరుగుతుంది. ఎవరికి వేగంగా జరుగుతుందో ముందే పసిగట్టాలంటే చిన్న వయసులోనే చిగుళ్లను పరీక్షించాలి. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు కాబట్టి ఆలస్యానికి మూల్యం శాశ్వతం.

ఈ మూల్యం నోటితోనే ఆగదు. మధుమేహం అదుపులో లేనివారిలో చిగుళ్ల వ్యాధి తీవ్రమవుతుంది. చిగుళ్ల వ్యాధి ముదిరితే రక్తంలో చక్కెర అదుపు కష్టమవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన, 2023లో ప్రచురితమైన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు అంచనా వేసింది. ఈ నేపథ్యంలో చిగుళ్లను పళ్ల డాక్టరు వ్యవహారంగా మాత్రమే చూడడం పొరపాటు.

పాచి, గార, పయోరియా

తెలుగులో ఈ వ్యాధి క్రమాన్ని వివరించే మాటలు చక్కగా ఉన్నాయి. పళ్ల మీద పేరుకునే మెత్తని పొరను పాచి అంటాం. చెరువు మెట్ల మీద పట్టేదీ పాచే. రెండింటి స్వభావం ఒకటే: తడి తగిలే చోట అతుక్కుని పెరిగే సూక్ష్మజీవుల పొర. మెట్ల మీద నీళ్లు చల్లితే పాచి పోదు, రుద్దాలి. అలాగే నోరు పుక్కిలించినంత మాత్రాన పళ్ల పాచి పోదు. ఆ పాచిలో లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడితే గార అవుతుంది. గోడకు పూసే సున్నపు గార పేరే దానికీ వచ్చింది. పాచిని బ్రష్‌తో ఇంట్లోనే తొలగించుకోవచ్చు. గార కట్టాక వైద్యుని పరికరం తప్పదు.

ఇంత స్పష్టమైన మాటలుండగా జనం నోట స్థిరపడిన వ్యాధి పేరు మాత్రం పయోరియా. గ్రీకు మూలం నుంచి వచ్చిన ఆ పదానికి చీము కారడం అని అర్థం. అంటే వ్యాధికి దాని చివరి దశ పేరు పెట్టుకున్నాం. తొలి దశకు ప్రత్యేకమైన పేరు లేకపోవడంతో అది వ్యాధిగానే కనిపించదు. తోముకునేటప్పుడు రక్తం వస్తే 'బ్రష్ గట్టిగా తగిలింది' అనుకుంటారు. మరుసటి రోజు నుంచి ఆ భాగాన్ని వదిలేస్తారు. రక్తం వచ్చిన చోటనే మరింత శ్రద్ధగా, సున్నితంగా శుభ్రం చేయాలన్నది దీనికి పూర్తి విరుద్ధమైన సలహా. అది రోగికి అర్థమయ్యేలా చెప్పకపోతే వినేవారుండరు.

'గార తీయిస్తే పళ్లు వదులవుతాయి' అన్న భయం కూడా ఇటువంటిదే. ఏళ్ల తరబడి పేరుకున్న గార పళ్ల సందులను పూడ్చివేసి ఉంటుంది. దానిని తొలగించి, వాపు తగ్గాక సందులు బయటపడతాయి. ఎముక అప్పటికే తగ్గిపోవడం వల్ల కలిగిన కదలిక అప్పుడు రోగి దృష్టికి వస్తుంది. తప్పు స్కేలింగ్‌ది కాదు, జాప్యానిది. ఆంగ్లంలో పాఠాలు చదివి, ఆంగ్లంలోనే పరీక్షలు రాసే విద్యార్థికి ఈ సంగతిని పల్లె నుంచి వచ్చిన రైతుకు తెలుగులోనో, ఒడియాలోనో, భోజ్‌పురిలోనో చెప్పే నేర్పు వేరుగా అలవడాలి. దానిని మాటకారితనంగా కాక వైద్య నైపుణ్యంగా గుర్తించి శిక్షణ ఇవ్వవలసి ఉంది.

లెక్కకు వచ్చేదే చదువు

2007 నాటి బి.డి.ఎస్. నిబంధనల ప్రకారం నాలుగేళ్ల చదువు తరువాత ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. అందులో చిగుళ్ల వైద్య విభాగానికి ఒక నెల, సామాజిక దంతవైద్యానికి, గ్రామీణ సేవకు కలిపి మూడు నెలలు కేటాయించారు. కాగితం మీద ఇది తక్కువేమీ కాదు. అయితే విద్యార్థి ప్రతిభను కొలిచే పద్ధతిని గమనించాలి. కళాశాలల్లో సాధారణంగా ప్రతి విద్యార్థీ ఇన్ని స్కేలింగ్‌లు, ఇన్ని పళ్లు తీయడాలు, ఇన్ని కట్టుడు పళ్లు పూర్తి చేయాలన్న కోటా ఉంటుంది. గార తీసిన రోగి మూడు నెలల తరువాత ఎలా ఉన్నాడన్నది సాధారణంగా ఆ కోటాలో భాగం కాదు. అదే రోగి ఏడాది తరువాత మళ్లీ అంతే గారతో వస్తే విద్య దృష్టిలో అది వైఫల్యం కాదు, మరో కేసు.

కొలవడానికి సాధనం లేక కాదు. సన్నని కొలకడ్డీతో చిగుళ్ల అంచులను మెల్లగా తాకి, ఎన్నిచోట్ల రక్తం వచ్చిందో లెక్కించడం దంతవైద్యంలో నిత్యం వాడే పద్ధతి. 2018లో ప్రచురితమైన అంతర్జాతీయ వర్గీకరణ పరీక్షించిన చోట్లలో 10 శాతం కంటే తక్కువ చోట్ల రక్తం వస్తే చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నట్లు పరిగణిస్తుంది. ప్రతి విద్యార్థికీ కొందరు రోగులను ఏడాది పొడవునా అప్పగించి, మొదటి రోజు శాతాన్నీ చివరి రోజు శాతాన్నీ పోల్చి మార్కులు వేయవచ్చు. అప్పుడు చేతి పనితో పాటు ఓర్పు, నచ్చజెప్పే తీరు, రోగిని తిరిగి రప్పించే నమ్మకం కూడా చదువులో భాగమవుతాయి.

ఈ కొలత విద్యార్థి సొంత నోటితో ప్రారంభం కావడం మంచిది. మొదటి సంవత్సరంలోనే సహాధ్యాయులు ఒకరి చిగుళ్లను ఒకరు పరీక్షించుకుని, పాచిని రంగులో చూపే ద్రావకంతో తమ పళ్లను తామే అద్దంలో చూసుకుంటే చాలు. తమకే పూర్తిగా సాధ్యం కాని శుభ్రతను రోగి నుంచి ఆశించేముందు కొంత వినయం అలవడుతుంది. తన రక్తస్రావం వారంలో తగ్గడాన్ని చూసిన విద్యార్థికి నివారణపై కలిగే నమ్మకం పాఠ్యపుస్తకం వల్ల కలగదు.

సంస్కరణకు ఇది అనువైన సమయం. 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. తుది సంవత్సరం విద్యార్థులకు దేశమంతటా ఒకే నిష్క్రమణ పరీక్ష నిర్వహించాలని అది నిర్దేశిస్తోంది. ఆ పరీక్షలో ఏది అడిగితే కళాశాలలు దానినే నేర్పుతాయి. శిక్షణ కేంద్రాలు దానినే రుద్దుతాయి. వ్యాధుల పేర్లు, పరికరాల సంఖ్యలు గుర్తుపెట్టుకోవడానికే పరీక్ష పరిమితమైతే నివారణ మరో తరంపాటు చివరి అధ్యాయంగానే మిగిలిపోతుంది.

మధ్యలో ఖాళీగా ఉన్న కుర్చీ

నివారణ భారాన్నంతా దంతవైద్యుని మీదే వేయడం ఆచరణ సాధ్యం కాదు. స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్‌లో 1972లో మొదలైన కార్యక్రమం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడ వందలాది పెద్దలకు నిర్ణీత వ్యవధుల్లో శుభ్రత నేర్పుతూ, అవసరమైన చోట పళ్లు శుభ్రం చేస్తూ వచ్చారు. ఆ పనిలో ప్రధాన పాత్ర డెంటల్ హైజీనిస్టులది. 30 ఏళ్ల తరువాత చూస్తే, వయోవర్గాన్ని బట్టి ఒక్కొక్కరు కోల్పోయిన పళ్లు సగటున 0.4 నుంచి 1.8 మాత్రమే. శ్రీలంక తోటల అంకెల పక్కన దీనిని పెట్టి చూస్తే, క్రమం తప్పని సంరక్షణ ఎంత తేడా తేగలదో తెలుస్తుంది.

మన 1948 చట్టం కూడా హైజీనిస్టులకు ప్రత్యేక రిజిస్టరును ఏర్పాటు చేసింది. రెండేళ్ల డిప్లొమా కోర్సు అమల్లో ఉంది. అయినా దంతవైద్యుల సంఖ్యతో పోలిస్తే హైజీనిస్టుల సంఖ్య అత్యల్పం. పట్టణాల్లో ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న యువ దంతవైద్యులే తక్కువ జీతానికి దొరుకుతుండగా మరొకరిని ఎందుకు నియమించాలన్నది క్లినిక్ యజమానుల ప్రశ్న. ఫలితంగా అయిదేళ్లు చదివిన వైద్యుడు నిరుద్యోగిగా, నివారణ సేవకు మనిషి లేని గ్రామం నిస్సహాయంగా మిగులుతున్నాయి.

పొరుగు దేశం ఈ ఖాళీని వేరే విధంగా పూరించింది. బడి పిల్లల కోసం ప్రత్యేకంగా దంత నర్సులను తయారు చేసే పద్ధతిని న్యూజిలాండ్ 1921లో ఆరంభించగా, శ్రీలంక 1950ల్లో దానిని స్వీకరించి మహారగమలో శిక్షణ మొదలుపెట్టింది. మనకు అచ్చంగా అదే నమూనా సరిపోతుందని చెప్పలేం. అయితే గ్రామస్థాయిలో సేవ చేసేందుకు మనకు ఇప్పటికే ఆశా కార్యకర్తలు, ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు ఉన్నాయి. ఆ కేంద్రాలు అందించవలసిన 12 రకాల సేవల్లో నోటి ఆరోగ్యం ఒకటి. గర్భిణుల ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్తకు చిగుళ్ల వాపును గుర్తించడం, మధుమేహ రోగిని నోటి పరీక్షకు పంపడం నేర్పితే అదనపు భవనాలు, యంత్రాలు అవసరం లేదు. హైజీనిస్టు పోస్టులను ఈ వ్యవస్థకు అనుసంధానిస్తే ఆ కోర్సుకూ ఒక భవిష్యత్తు ఏర్పడుతుంది.

బడిలో ఉపన్యాసం కాదు, అభ్యాసం

ప్రతి ఆగస్టు 1న దేశంలో నోటి పరిశుభ్రతా దినం జరుగుతుంది. భారత చిగుళ్ల వైద్యుల సంఘ స్థాపకుడు డాక్టర్ జి.బి. శంక్వాల్కర్ జయంతి అది. ఆ రోజు అనేక బడుల్లో శిబిరాలు, ర్యాలీలు, ఉచిత బ్రష్‌ల పంపిణీ కనిపిస్తాయి. ఇవి మంచి పనులే. కానీ ఒక్కరోజు ప్రసంగం ప్రభావం ఎక్కువ కాలం నిలవదు. అలవాటు రోజూ చేస్తేనే ఏర్పడుతుంది. ఫిలిప్పీన్స్ బడుల్లో చేతులు కడుక్కోవడాన్నీ పళ్లు తోముకోవడాన్నీ కలిపి, పిల్లలందరూ వరుసగా నిలబడి రోజూ చేసే పనిగా మార్చారు. స్కాట్లాండ్ శిశు పాఠశాలల్లో ఉపాధ్యాయుల పర్యవేక్షణలో బ్రషింగ్ దినచర్యలో భాగమైంది.

మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి ముందు చేతులు కడిగించే అలవాటు ఉంది. భోజనం తరువాత మరో మూడు నిమిషాలు చేర్చడం ఊహకందని విషయం కాదు. 2020లో కేంద్రం ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొందాలి. వారు బోధించవలసిన 11 అంశాల్లో నోటి ఆరోగ్యానికి ప్రత్యేక స్థానం లేదు. అయినా పోషణ, పరిశుభ్రత, మాదకద్రవ్యాల దుర్వినియోగ నివారణ అన్న అంశాల్లో అది సహజంగా ఇమిడిపోతుంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని బృందాలు పళ్లలో రంధ్రాలు చూసే సమయంలోనే చిగుళ్ల అంచులను కూడా గమనించవచ్చు.

ఇందుకు 11-13 ఏళ్ల వయసు కీలకం. యౌవన దశలో హార్మోన్ల మార్పు వల్ల కొద్దిపాటి పాచికి కూడా చిగుళ్లు ఎక్కువగా ఉబ్బుతాయి. పొగాకు పరిచయమయ్యే ప్రమాదమూ కౌమారంతోనే మొదలవుతుంది. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు, 21.4 శాతం మంది నమిలే లేదా నోట్లో ఉంచుకునే రకాలను వాడుతున్నారు. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని ప్రభుత్వం 1992లోనే నిషేధించవలసి వచ్చిందంటే ఈ రెండు అలవాట్లు ఎంతగా పెనవేసుకున్నాయో ఊహించవచ్చు. పొగ తాగేవారిలో చిగుళ్ల రక్తస్రావం తగ్గి కనిపిస్తుంది కాబట్టి వ్యాధి లోలోపలే ముదురుతుంది. ఈ విషయం పిల్లలకు ముందే తెలియాలి.

పిల్లలకు నేర్పవలసిన పద్ధతి కూడా కష్టమైనది కాదు. మెత్తని కుచ్చులున్న బ్రష్‌ను పన్ను, చిగురు కలిసే అంచు మీద ఏటవాలుగా ఆనించి, చిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమాలి. రాత్రి పడుకునేముందు తప్పనిసరి. చిన్న పిల్లలకు పేస్టు బఠాణీ గింజంత చాలు. నల్లగొండ, ప్రకాశం వంటి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల్లో పేస్టు మింగకుండా చూడడం మరింత అవసరం. వేపపుల్ల వాడే ఇళ్లలో దానిని ఎగతాళి చేయనక్కరలేదు. చిగుళ్లు గాయపడకుండా, పళ్ల లోపలివైపు కూడా అందేలా ఎలా వాడాలో చెబితే బోధన ఇంటివారికి నచ్చుతుంది.

నివారణకు ధర ఎవరు కడతారు?

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. పన్ను తీస్తే ఫీజు వస్తుంది, ఇంప్లాంట్ పెడితే ఇంకా ఎక్కువ వస్తుంది. పావుగంట కూర్చోబెట్టి బ్రష్ పట్టుకోవడం నేర్పితే ఎవరు చెల్లిస్తారు? ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరిన చికిత్సలకు వర్తిస్తుంది, ఇటువంటి సాధారణ సేవలకు కాదు. అప్పు చేసి ప్రైవేటు కళాశాలలో చదివిన యువ వైద్యునికి త్యాగాన్ని బోధించి లాభం లేదు. స్ఫూర్తి మాటలతో నిలవదు. నివారణకు జీతం, హోదా, పదోన్నతి ఉన్న చోటే అది వృత్తిగా నిలుస్తుంది. ప్రభుత్వ వైద్యశాలల్లో నివారణ సలహాను నమోదయ్యే సేవగా గుర్తించడం, ఉద్యోగులకు ఆరోగ్య పథకాలు నడిపే సంస్థలు ఏడాదికోసారి చిగుళ్ల పరీక్షకు చెల్లించడం మొదటి మెట్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 100 కోట్ల మంది తీవ్రమైన చిగుళ్ల వ్యాధితో బాధపడుతున్నారు. ఇంత పెద్ద సంఖ్యను చికిత్సతో జయించగల దేశం ఏదీ లేదు. భారత్ 2014లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. కళాశాలలు, కార్యకర్తలు, బడులు అన్నీ ఉన్నాయి. కొత్త కమిషన్ ముందున్న పని వీటన్నిటికీ ఒకే కొలత ఇవ్వడం. ఎన్ని పళ్లు తీశామన్నది కాక, ఎన్ని చిగుళ్లలో రక్తస్రావం ఆగిందన్నది ఆ కొలత కావాలి. నేడు ఆరో తరగతిలో ఉన్న 12 ఏళ్ల బాలిక 2050 నాటికి 35 ఏళ్లు దాటుతుంది. ఆమె ఏ వరుసలో నమోదవుతుందో తేల్చేది ఇప్పుడు రూపొందే పాఠ్యప్రణాళికే.